పాఠకుల అభిప్రాయాలను బగ్ రిపోర్టుల్లా చదివాం: ఒక ఇమేజ్ ప్రాసెసింగ్ పాఠ్యపుస్తకంపై కేస్ స్టడీ

మా టీమ్‌లోకి ముగ్గురు కొత్తవాళ్లు వచ్చారు. ముగ్గురికీ ప్రోగ్రామింగ్ బాగా వచ్చు, డిజిటల్ ఇమేజ్ ప్రాసెసింగ్ మాత్రం ఎవరూ చదువుకోలేదు. కెమెరా తీసిన ఫొటోల్లో గీతలు, మచ్చలు, పగుళ్లు పట్టుకునే సాఫ్ట్‌వేర్ మాది. మూడు నెలలు తిరిగేసరికి వాళ్లు సొంతంగా ఒక ఫిల్టర్ (ప్రతి పిక్సెల్‌నూ దాని చుట్టుపక్కల పిక్సెళ్లతో లెక్కగట్టి మార్చే కోడ్) రాసి, అది ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో చెప్పగలగాలి. అందుకు తగిన పాఠ్యపుస్తకం ఒకటి ఎంచే పని నాకు అప్పగించారు.

విషయసూచిక చూడగానే ఒక పుస్తకం నచ్చింది. పిక్సెల్ అంటే ఏమిటి అన్న దగ్గర మొదలై ఫిల్టర్లు, ఫూరియే (బొమ్మను నెమ్మదిగా మారే, వేగంగా మారే అలలుగా విడదీసే లెక్క), సెగ్మెంటేషన్ (బొమ్మను భాగాలుగా విడదీయడం) మీదుగా ఫీచర్ల (గుర్తుపట్టదగ్గ బిందువుల) వరకు వెళ్తుంది. ప్రతి అధ్యాయంలోనూ పైథాన్ కోడ్ ఉంది. పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే చివరికి మేం ఆ పుస్తకాన్నే తీసుకున్నాం, ఇప్పటికీ వాడుతున్నాం. పేరు రాస్తే కింద చెప్పే లోపాలే జనానికి గుర్తుండిపోతాయి.

కొనే ముందు పాఠకుల అభిప్రాయాలు చదువుదామని కూర్చుంటే తల తిరిగింది. కోడ్ నేర్చుకుందామని కొంటే సూత్రాలతో ముంచెత్తారని ఒకరు రాశారు. గణితం పైపైన తేల్చేశారని ఆ వెంటనే ఇంకొకరు. మొదటి రోజే ప్రోగ్రాములు నడిచాయని ఒకరు మురిసిపోతే, ఒక్కటీ నడవలేదని మరొకరు పుస్తకం వెనక్కి పంపేశారు. బొమ్మలు చూస్తేనే సగం పాఠం అర్థమవుతుందన్నవాళ్లూ ఉన్నారు, పక్కపక్కన ఉన్న రెండు బొమ్మలకీ తేడాయే కనబడలేదన్నవాళ్లూ ఉన్నారు. సగటు నక్షత్రాలు మధ్యస్థంగా తేలాయి. దాన్నిబట్టి కొనాలో మానాలో తేల్చుకోలేకపోయాను.

అప్పుడు నాకు తెలిసిన పద్ధతినే పట్టుకున్నాను. సాఫ్ట్‌వేర్‌లో బగ్ రిపోర్ట్ వస్తే, రాసినవాళ్లకి కోపం ఎంత వచ్చిందో మేం చూడం. ఏ వెర్షన్, ఏం చేశారు, ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది అని చూస్తాం. ప్రతి అభిప్రాయాన్నీ ఒక షీట్‌లో ఒక్కో వరుసగా పెట్టి, ఈ నాలుగు ప్రశ్నలకు నాలుగు నిలువు వరుసలు వేశాను. ఐదోది, ఆ పాఠకుడు ఏ పని మీద ఈ పుస్తకం దగ్గరికి వచ్చాడన్నది. పరీక్షకు చదివే విద్యార్థా, పాఠం చెప్పే టీచరా, ఉద్యోగంలో అవసరపడి తెరిచినవాళ్లా అన్నది రాతలోనే చాలావరకు తెలిసిపోతుంది. నక్షత్రాల నిలువు వరుసను రెండో రోజు తీసేశాను. అది ఉన్నంతసేపూ కళ్లు అటే పోతున్నాయి.

కాగితం పల్చగా ఉందని, అట్ట నలిగి వచ్చిందని, బైండింగ్ ఊడిందని రాసినవాటిని పక్కన పెట్టాను. కొనేవాళ్లకి అవి అవసరమే, మా నిర్ణయానికి మాత్రం పనికిరావు.

నడవని కోడ్

ఈ గుంపును తేల్చడం తేలిక. కోడ్ నడవలేదన్న పాఠకుల్లో ఎర్రర్ మాట కూడా రాసినవాళ్లు కొందరు ఉన్నారు. వాళ్లకి నేను రుణపడి ఉన్నాను. మూడు విలువలు రావాల్సిన చోట రెండే వచ్చాయని ఒక ఎర్రర్. చూడగానే విషయం తెలిసిపోయింది. పుస్తకం వాడే ఇమేజ్ ప్రాసెసింగ్ లైబ్రరీ ఓపెన్‌సీవీలో ఆకారాల అంచులు వెతికే ఫైండ్‌కాంటూర్స్ అనే ఫంక్షన్ ఉంది. ఓపెన్‌సీవీ 2లో అది రెండు విలువలు ఇచ్చేది. 2015లో వచ్చిన 3లో మూడు ఇవ్వడం మొదలుపెట్టింది. 2018 చివర్లో వచ్చిన 4లో మళ్లీ రెండుకే వెళ్లిపోయింది. పుస్తకం ఓపెన్‌సీవీ 3 కాలంలో రాసింది. ఆ రోజుల్లో కొన్నవాళ్లకి కోడ్ సాఫీగా నడిచింది, తర్వాత కొన్నవాళ్లకి అదే పేజీలో ఆగిపోయింది. ఇద్దరూ నిజమే చెప్పారు, మధ్యలో వెర్షన్ మారింది.

మిగిలినవీ అలాంటివే. బొమ్మ మధ్య బిందువు కోసం వరుసల సంఖ్యను రెండుతో భాగించి, వచ్చినదాన్ని నేరుగా ఇండెక్స్‌గా (పిక్సెల్ స్థానం సంఖ్యగా) వాడారు. పైథాన్ 2లో పూర్ణసంఖ్య వచ్చేది కాబట్టి సరిపోయింది. పైథాన్ 3లో దశాంశం వస్తుంది కాబట్టి ఎర్రర్. పైథాన్ 2కి మద్దతు 2020 జనవరి 1తో ఆగిపోయింది, కొత్తగా నేర్చుకునేవాళ్ల దగ్గర అది ఉండే అవకాశం తక్కువ. సిఫ్ట్ (బొమ్మ తిరిగినా, సైజు మారినా గుర్తుపట్టగల బిందువులను వెతికే పద్ధతి) ఫీచర్ల అధ్యాయం గురించి, అసలు ఆ ఫంక్షనే లేదని వచ్చిన ఫిర్యాదుల వెనుక పేటెంట్ ఉంది. ఓపెన్‌సీవీ 3 నుంచి సిఫ్ట్‌ను విడి ప్యాకేజీలోకి తరలించారు. 2020 మార్చిలో పేటెంట్ గడువు తీరాక, అదే ఏడాది వచ్చిన 4.4లో మళ్లీ అసలు లైబ్రరీలోకి తెచ్చారు. ఆ మధ్యకాలంలో చదివినవాళ్లు పుస్తకాన్ని తిట్టుకున్నారు.

ఈ గుంపు మొత్తానికి మందు ఒక్క మధ్యాహ్నంలో తయారైంది. పుస్తకానికి సరిపోయే వెర్షన్లతో ఒక ఎన్విరాన్‌మెంట్ (విడి ఏర్పాటు), మార్చాల్సిన చోట్ల నాలుగైదు లైన్ల ప్యాచ్ (సవరణ). అంతే.

నడిచిన కోడ్, కుదరని బొమ్మ

అసలు విషయం ఇక్కడ ఉంది. కోడ్ నడిచింది, ఎర్రర్ లేదు, వచ్చిన బొమ్మ మాత్రం పుస్తకంలో ఉన్నట్టు లేదు. ఈ మాట అన్నవాళ్లు కొద్దిమందే, అదీ మెల్లగా, తప్పు తమదేనేమో అన్నట్టు రాశారు. ఎర్రర్ వస్తే మనిషి పుస్తకాన్ని అనుమానిస్తాడు. ఎర్రర్ లేకుండా తేడా వస్తే తనను తాను అనుమానించుకుంటాడు. అందుకే ఈ వరుసలు తక్కువగా ఉన్నా, వీటికే ఎక్కువ సమయం పెట్టాను.

సగటు ఫిల్టర్ వేశాక పుస్తకంలోని బొమ్మ చుట్టూ సన్నటి నల్ల అంచు ఉందని, తనకు రావడం లేదని ఒకరు రాశారు. నేనూ నడిపి చూశాను, నాకూ రాలేదు. లెక్క వేస్తే కారణం బయటపడింది. బొమ్మంతా 180 విలువతో నింపి 3×3 సగటు తీశామనుకోండి. మూలన ఉన్న పిక్సెల్ చుట్టూ తొమ్మిది గళ్లు కావాలి, బొమ్మలో ఉన్నవి నాలుగే. లేని ఐదింటినీ సున్నాలనుకుంటే 720ని తొమ్మిదితో భాగించాలి, 80 వస్తుంది. మూల కాకుండా అంచున ఉన్న పిక్సెల్‌కు ఆరు గళ్లు ఉంటాయి, అక్కడ 120. లోపలంతా 180. నల్ల అంచు పుట్టింది ఇక్కడే. ఓపెన్‌సీవీ ఫిల్టర్లు మామూలుగా లేని గళ్లను సున్నాలతో నింపవు, బొమ్మనే అద్దంలోలా బయటికి తిప్పి పెట్టుకుంటాయి. కాబట్టి మూలనా 180, అంచునా 180.

మరి పుస్తకంలోకి నల్ల అంచు ఎలా వచ్చింది? ముందుమాట తిరగేస్తే దొరికింది. మొదటి ముద్రణ మ్యాట్‌ల్యాబ్‌తో (లెక్కలకు వాడే మరో ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్) రాశారు. రెండో ముద్రణలో కోడ్‌ను పైథాన్‌లోకి మార్చారు, బొమ్మలు మాత్రం చాలావరకు పాతవే ఉంచారు. మ్యాట్‌ల్యాబ్‌లో ఫిల్టర్ వేసే ఫంక్షన్, మనం వేరే చెప్పకపోతే, అంచుల బయట సున్నాలే పెడుతుంది.

ఈ ఒక్క సంగతి తెలిశాక, ఒకదానికొకటి సంబంధం లేదనుకున్న వరుసల చిక్కులు వరసపెట్టి విడిపోయాయి. బొమ్మకు వెలుతురు పెంచితే తెల్లగా ఉండాల్సిన ఆకాశంలో నల్ల మచ్చలు వచ్చాయని ఒకరు రాశారు. ఎనిమిది బిట్ల పిక్సెల్‌లో 0 నుంచి 255 వరకే పడతాయి; 200కు 100 కలిపితే మ్యాట్‌ల్యాబ్ 255 దగ్గర ఆపేస్తుంది. పైథాన్‌లో సంఖ్యల పట్టికలు నడిపే లైబ్రరీ నమ్‌పై 300లోంచి 256 తీసేసి 44 ఇస్తుంది. తెల్లబడాల్సిన చోటే నల్లబడుతుంది. ఓపెన్‌సీవీ యాడ్ ఫంక్షన్ వాడి ఉంటే 255 దగ్గరే ఆగేది, పుస్తకంలో మాత్రం మామూలు కూడిక గుర్తు పెట్టారు. రంగుల ఫొటోను గ్రేస్కేల్‌లోకి మార్చినప్పుడు ఎరుపు వస్తువులు మరీ చీకటిగా వచ్చాయని ఇంకొకరు. మ్యాట్‌ల్యాబ్ ఫొటోను ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో చదువుతుంది, ఓపెన్‌సీవీ నీలంతో మొదలుపెడుతుంది. పుస్తకం ఆ మూడు రంగులనూ కలపడానికి వాడే 0.299, 0.587, 0.114 గుణకాలను పాత వరుసలోనే ఉంచేసింది. దానివల్ల 76 రావాల్సిన అచ్చమైన ఎరుపు 29కి పడిపోతుంది. విలువలు అక్కడక్కడా ఒకటి తక్కువగా వస్తున్నాయని ఓపికగా లెక్కపెట్టి రాసిన పాఠకుడు కూడా ఉన్నాడు. అదీ నిజమే. ఏడును రెండుతో భాగిస్తే మ్యాట్‌ల్యాబ్ ఎనిమిది బిట్లలో 4కు సవరిస్తుంది, పుస్తకంలోని పైథాన్ కోడ్ భిన్నాన్ని కొట్టేసి 3 ఇస్తుంది.

నాలుగు ఫిర్యాదులు, నలుగురు పాఠకులు, కారణం ఒక్కటే. నలుగురిలో ఎవరికీ మిగతా ముగ్గురి సంగతి తెలియదు. షీట్‌లో పక్కపక్కన పెట్టి చూసినప్పుడే అది కనబడింది. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

గణితం ఎక్కువా, తక్కువా

సూత్రాలు ఎక్కువన్నవాళ్లనీ, తక్కువన్నవాళ్లనీ అధ్యాయాలవారీగా విడదీస్తే వింత ఒకటి బయటపడింది. రెండు వర్గాలూ ఎక్కువగా తిట్టింది ఒకే అధ్యాయాన్ని. అది ఫూరియే అధ్యాయం.

ఆ అధ్యాయాన్ని కొత్తవాళ్లు చదివినట్టే చదివాను. పది పేజీల సూత్రాలు, తర్వాత అర పేజీ కోడ్, పక్కన చక్కటి స్పెక్ట్రమ్ (ఏ పౌనఃపున్యం ఎంత ఉందో చూపే) బొమ్మ: మధ్యలో వెలుగు, చుట్టూ మసక గీతలు. కోడ్ నడిపితే నల్లటి తెర వచ్చింది. బాగా దగ్గరికి వెళ్లి చూస్తే పై ఎడమ మూలన ఒక్క తెల్ల చుక్క.

ఎందుకో చూద్దాం. 512×512 బొమ్మలో పిక్సెల్ సగటు 128 అయితే, సున్నా పౌనఃపున్యం (అసలు మారని భాగం) విలువ అన్ని పిక్సెళ్ల మొత్తం, అంటే 3,35,54,432. దీన్ని 255గా కుదించి మిగతావన్నీ అదే నిష్పత్తిలో చూపిస్తే ఒక్కో మెట్టు 1,31,586 అవుతుంది. అంతకన్నా చిన్న విలువ ఏదైనా సున్నాలో కలిసిపోతుంది. 5,000 విలువ ఉన్న పౌనఃపున్యం, బొమ్మలోని వివరాలను నిజంగా మోసేది, కంటికి ఆనదు. విలువకు ఒకటి కలిపి లాగరిథమ్ తీసి తర్వాత కుదిస్తే, పెద్దది సుమారు 17.3, చిన్నది సుమారు 8.5 అవుతాయి. ఆ 5,000 ఇప్పుడు 125 వెలుతురుతో కనబడుతుంది. ఇక చుక్క మూలన ఉండటానికి కారణం, లెక్క అక్కడ మొదలవడమే. నాలుగు పావులనూ ఎదురెదురుగా మార్చితే అది మధ్యకు వస్తుంది. ఈ రెండు పనులూ పుస్తకంలో లేవు. బొమ్మను తయారుచేసినవాళ్లు చేశారు, చెప్పడం మర్చిపోయారు.

కోడ్ కోసం వచ్చినవాళ్లు పది పేజీల సూత్రాలు దాటి వచ్చి నల్ల తెర చూశారు. ఆ సూత్రాలు దేనికి పనికొచ్చాయని వాళ్ల ప్రశ్న. గణితం తెలిసినవాళ్లు అదే నల్ల తెర చూసి, సూత్రం నుంచి బొమ్మ వరకు దారి చూపలేదని, పైపైన వదిలేశారని అన్నారు. ఎక్కువ అన్న మాటా, తక్కువ అన్న మాటా ఒకే గుంతను రెండు వైపుల నుంచి చూసి అన్నవే. ఇది తెలియక రచయిత తర్వాతి ముద్రణలో సూత్రాలు తగ్గించినా, పెంచినా, గుంత అక్కడే ఉండిపోతుంది.

బొమ్మల మీద ఉన్న భేదాభిప్రాయం తొందరగానే తేలింది. బొమ్మను మెత్తగా మసకబార్చే గాసియన్ ఫిల్టర్‌కు ముందూ తర్వాతా ఉన్న తేడా అచ్చులో చుక్కల ముద్రణలో కలిసిపోతుంది. తెర మీద చదివినవాళ్లకి కనబడింది, కాగితం మీద చదివినవాళ్లకి కనబడలేదు. నాణేలు లెక్కపెట్టే అభ్యాసం మాత్రం నన్ను కాసేపు తిప్పలు పెట్టింది. పుస్తకం చెప్పిన సంఖ్యకు కొన్ని రెట్లు వస్తోందని పాఠకుల మాట. పుస్తకంతో ఇచ్చే ఫైళ్లలో నలుపు తెలుపు బొమ్మ జేపెగ్‌గా ఉంది. జేపెగ్ బొమ్మను 8×8 గళ్లుగా కోసి కుదిస్తుంది, అంచుల దగ్గర 0 కాస్తా 3గా, 255 కాస్తా 249గా మారిపోతాయి. సున్నా కానిదంతా నాణెమే అనుకునే కోడ్‌కు ఆ నలుసులన్నీ నాణేలే. బొమ్మను 127 దగ్గర మళ్లీ థ్రెషోల్డ్ చేస్తే (అంతకన్నా ఎక్కువవి 255, మిగతావి 0 చేస్తే) లెక్క సరిపోయింది.

మెచ్చుకున్నవాళ్లు ఏం చెప్పారు

పొగడ్తలను కూడా అవే నిలువు వరుసల్లో పెట్టాను. చాలా వాటిలో ప్రస్తావన మొదటి మూడు అధ్యాయాలతో ఆగిపోయింది. చదవడం మొదలుపెట్టిన ఉత్సాహంలో రాసినవై ఉంటాయి, వాటిని తప్పుపట్టను. అయితే చివరి అధ్యాయాల దాకా వెళ్లినట్టు తెలిసే పొగడ్తలు కొన్ని ఉన్నాయి. అవన్నీ ఒక చోట కలిశాయి: కన్వల్యూషన్‌ను (చిన్న అంకెల పట్టికను బొమ్మ మీద జరుపుతూ ప్రతి చోటా గుణించి కూడటాన్ని) లైబ్రరీ ఫంక్షన్‌తో చేయించకుండా, నాలుగు లూపులతో చేత్తో రాయించిన అధ్యాయం. నేనూ చదివాను. కెర్నెల్‌ను (ఆ చిన్న పట్టికను) తిప్పాలా వద్దా, ఫలితాన్ని అదే బొమ్మలో రాస్తే ఏమవుతుంది అనేవి పాఠకుడి చేతే తప్పు చేయించి చూపిస్తారు. ఒక పిక్సెల్‌ను మార్చిన వెంటనే పక్క పిక్సెల్ ఆ మారిన విలువను వాడుకోవడం, బొమ్మ ఒక పక్కకు కారిపోయినట్టు అవడం అక్కడే చూస్తాం. ఈ రంగంలో ఇరవై నిమిషాల్లో ఇంత నేర్పే పాఠాలు తక్కువ. పుస్తకం కొందామని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను.

కొత్తవాళ్ల చేతికిచ్చాక

పుస్తకంతో పాటు మా సొంత నోట్స్ ఇచ్చాం. వెర్షన్ ప్యాచ్, మ్యాట్‌ల్యాబ్ నుంచి మిగిలిపోయిన తేడాల పట్టిక, ఫూరియే అధ్యాయంలో లేని రెండు మెట్లు అందులో ఉన్నాయి. చదివే వరుస కూడా మార్చాం. చేత్తో రాసే కన్వల్యూషన్ ముందు, సూత్రాలు ఆ తర్వాత.

రెండో వారంలో ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "సార్, పుస్తకంలో అంచు నల్లగా ఉంది, నాకు రావడం లేదు. నేనేం తప్పు చేశాను?" అని అడిగింది. నోట్స్‌లో ఆ పేజీ ఇంకా చదవలేదట. పాఠకుల అభిప్రాయాల్లో చదివిన మాట అచ్చంగా అదే, చివరి ప్రశ్నతో సహా. తప్పు చేయలేదమ్మా అని చెప్పి, మూలన ఉన్న పిక్సెల్‌ను కాగితం మీద లెక్క వేయించాను. 80 వచ్చాక తల ఎత్తి చూసింది. ఆ తర్వాత తను ఏ ఫిల్టర్ రాసినా ముందు మూల పిక్సెలే చూసేది.

నేను తక్కువగా అంచనా వేసిన ఫిర్యాదు ఒకటి ఉంది. అభ్యాసాలకు జవాబులు లేవని చాలామంది రాశారు. దాన్ని కాగితం, బైండింగ్ పక్కన పెట్టేశాను. దాని ఫలితం హిస్టోగ్రామ్ ఈక్వలైజేషన్ (బొమ్మలోని వెలుగునీడలను మొత్తం పరిధిలో సమంగా పరిచే పద్ధతి) దగ్గర అనుభవించాం. ఒక అబ్బాయి పుస్తకంలోని సూత్రంతో రాశాడు, ఓపెన్‌సీవీతో పోల్చాడు, విలువలు కలవలేదు. నాలుగు రోజులు తన కోడ్‌లోనే తప్పు వెతుక్కున్నాడు, నాకు చెప్పలేదు. రెండూ సరైనవే. పదహారు పిక్సెళ్ల బొమ్మలో అన్నిటికన్నా చీకటివి నాలుగుంటే, పుస్తకం సూత్రం వాటిని 64కు పంపుతుంది. ఓపెన్‌సీవీ ఆ మొదటి గుంపును తీసేసి లెక్కిస్తుంది కాబట్టి సున్నాకు పంపుతుంది. జవాబు ఒక్క లైన్ ఉండి ఉంటే ఆ నాలుగు రోజులు మిగిలేవి. ఒంటరిగా చదువుకునేవాళ్లకి జవాబుల పేజీ ఎంత అవసరమో నాకు అప్పుడు తెలిసింది. ఆ వారమే అందరం కూర్చుని మా పాఠాల్లో ఉన్న అభ్యాసాలన్నిటికీ జవాబులు రాశాం.

షీట్‌లో ఒక వరుస మాత్రం మిగిలిపోయింది. బొమ్మను చిన్నది చేస్తే చీకటిగా అవుతోందని ఒక పాఠకుడు ఒక్క వాక్యం రాసి వదిలేశాడు. ఏ అధ్యాయమో, ఏ బొమ్మో చెప్పలేదు. కోడ్ నడిపితే నాకు తేడా కనబడలేదు. ఎదురుగా "అర్థం కాలేదు" అని రాసి మూసేశాను.

కొన్ని నెలల తర్వాత మా పనిలోనే, నల్లటి లోహం మీద సన్నటి తెల్లగీతలు పెద్ద ఫొటోలో స్పష్టంగా ఉండి, కుదించిన ఫొటోలో మసకబారుతున్నాయని, అక్కడ మా ప్రోగ్రామ్ వాటిని వదిలేస్తోందని ఆ అబ్బాయే పట్టుకొచ్చాడు. ఫైల్‌లో ఉండే పిక్సెల్ విలువ వెలుతురుకు నేరుగా సమానం కాదు, దాన్ని గామాతో (చీకటి విలువలను పైకి ఎత్తే సూత్రంతో) వంచి భద్రపరుస్తారు. ఒక పిక్సెల్ నలుపు, ఒక పిక్సెల్ తెలుపుగా చదరంగం బల్లలా ఉన్న బొమ్మను కుదిస్తే మామూలు కోడ్ 0, 255ల సగటు తీసి 128 ఇస్తుంది. ఆ వంపును విప్పి అసలు వెలుతురుగా మార్చి, సగటు తీసి, మళ్లీ వంచితే 188 వస్తుంది. పుస్తకంలో రీసైజ్ గురించి ఉన్న పేజీన్నరలో గామా మాటే లేదు.

షీట్ తెరిచి ఆ వరుస వెతికాను. "అర్థం కాలేదు" చెరిపేసి, అధ్యాయం సంఖ్య, పేజీ, 128, 188 రాశాను. నోట్స్‌లో ఆ పేజీని ఆ అబ్బాయి చేతే రాయించాను.